ఉమ్మడి సొత్తుకు కాపలా ఎవరు? - ఎలినార్ ఆస్ట్రమ్ జీవితం



ప్రతి ఏడాదీ ఈ నివేదికలో పొదుపు ఎంత, అప్పు ఎంత, వసూలు ఎంత అని లెక్కలు చదువుకుంటాం. ఈసారి లెక్కలతో పాటు ఒక మహిళ చరిత్ర కూడా రాయమని మా సంఘాన్ని అడిగారు. ఎవరి గురించి రాయాలా అని మీటింగులో అనుకుంటుంటే, మా సభ్యురాలి కూతురు, డిగ్రీలో ఎకనామిక్స్ చదివే అమ్మాయి, ఒక పేరు చెప్పింది. ఎలినార్ ఆస్ట్రమ్. అమెరికా ఆమె. ఆర్థిక శాస్త్రంలో నోబెల్ బహుమతి తీసుకున్న మొదటి ఆడమనిషి.

"అంత పెద్ద చదువుల ఆమె గురించి మనమేం రాస్తాం?" అన్నాం. ఆ అమ్మాయి ఊరుకోలేదు. "మీరు ప్రతి వారం చేసే పని గురించే ఆమె జీవితమంతా చదివింది" అంది. నాలుగు మీటింగుల్లో కూర్చోబెట్టి మాకు అన్నీ చెప్పింది. మూడో మీటింగు వచ్చేసరికి మా సంఘంలోనే పెద్ద చర్చ లేచింది. అది చివర్లో చెప్తాం. ముందు ఆమె కథ.

చిన్నతనం, చదువు

ఎలినార్ 1933 ఆగస్టు 7న అమెరికాలో లాస్ ఏంజెలిస్ నగరంలో పుట్టింది. ఆ రోజుల్లో అమెరికాలో పెద్ద కరువు. వానలు లేక వచ్చిన కరువొక్కటే కాదు, పనులు లేక, చేతిలో డబ్బు లేక వచ్చిన కరువు. అమ్మానాన్నలు విడిపోయారు. ఎక్కువగా తల్లి దగ్గరే పెరిగింది. ఇంటి పెరట్లో కూరగాయలు పండించుకునేవాళ్ళు. పండ్లు కాసిన కాలంలో వాటిని డబ్బాల్లో నిల్వ పెట్టి ఏడాదంతా వాడుకునేవాళ్ళు. మనం మామిడికాయ ఊరేసుకున్నట్టు అనుకోండి. యుద్ధం వచ్చినప్పుడు సైనికుల కోసం ఉన్ని మఫ్లర్లు అల్లిందట.

చిన్నప్పుడు ఆమెకు నత్తి ఉండేది. ఆ నత్తితోనే బడిలో వాదోపవాదాల పోటీల్లో చేరింది. ఒక విషయానికి రెండు వైపులా మాట్లాడటం అక్కడే నేర్చుకుంది.

వాళ్ళ ఇంట్లో అంతకుముందు ఎవరూ కాలేజీ మెట్లు ఎక్కలేదు. కూతురు కాలేజీకి పోవాల్సిన అవసరం ఏముందని తల్లి అనుకుంది. ఎలినార్ మాత్రం లైబ్రరీలో, కొట్లల్లో పనిచేసి, తన ఫీజు తనే కట్టుకొని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చదివింది. 1954లో డిగ్రీ పూర్తి చేసింది.

డిగ్రీ చేతికొచ్చాక ఉద్యోగానికి పోతే ప్రతిచోటా అడిగిన మొదటి ప్రశ్న ఒకటే. టైపింగ్ వచ్చా, షార్ట్‌హ్యాండ్ వచ్చా? ఆ రోజుల్లో చదువుకున్న ఆడవాళ్ళకు టీచరు పని, సెక్రటరీ పని తప్ప ఇంకోటి ఉండదని అందరి నమ్మకం. ఆమె పోస్టులో పాఠాలు తెప్పించుకొని షార్ట్‌హ్యాండ్ నేర్చుకుంది. విచిత్రం ఏమిటంటే, ఆ విద్య ఏ ఆఫీసులోనూ ఆమెకు పనికిరాలేదు. తర్వాత పల్లెలు, పేటలు తిరిగి జనం చెప్పే మాటలు గబగబా రాసుకోవడానికి మాత్రం బాగా పనికొచ్చింది.

కొన్నేళ్ళు ఉద్యోగం చేశాక పై చదువు చదవాలనుకుంది. ఆర్థిక శాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తానంది. లెక్కలు చాలినన్ని చదవలేదు కాబట్టి కుదరదన్నారు. ఎందుకు చదవలేదు? హైస్కూల్లో త్రికోణమితి తీసుకోబోతే, ఆడపిల్లకు అక్కర్లేదని వద్దన్నారు కాబట్టి! ముందు గేటు మూసింది వాళ్ళే, తర్వాత లోపలికి ఎందుకు రాలేదని అడిగిందీ వాళ్ళే. ఇది విన్నప్పుడు మా సంఘంలో ఒక్కరు కూడా మాట్లాడలేదు. పదకొండు మందిలో పదో తరగతి దాటిన వాళ్ళం ఒక్కరం కూడా లేము. ఎవరి గేటు ఎక్కడ మూసుకుందో ఎవరికి వాళ్ళకు గుర్తొచ్చింది.

ఆర్థిక శాస్త్రం కుదరకపోతే రాజనీతి శాస్త్రంలో చేరింది. నలభై మంది విద్యార్థుల్లో ఆడవాళ్ళు నలుగురు. ఆడవాళ్ళను తీసుకోవాలా వద్దా అని అక్కడి పంతుళ్ళ మీటింగులో వాదన జరిగిందని, చేరిన తర్వాత వాళ్ళకు తెలిసింది. పీహెచ్‌డీ చదవడం మొదటి భర్తకు ఇష్టం లేదు. ఆ పెళ్ళి నిలవలేదు. ఆమె చదువు నిలిచింది.

ఉప్పు నీళ్ళ బావులు

ఆమె పీహెచ్‌డీ కోసం తీసుకున్న విషయం భూమి కింది నీళ్ళు. లాస్ ఏంజెలిస్ పక్కన, సముద్రం ఒడ్డున ఉన్న ప్రాంతంలో అందరూ బోర్లు వేసి పోటీలు పడి నీళ్ళు తోడేశారు. ఒకరు తగ్గిస్తే పక్కవాడు లాగేసుకుంటాడని ఎవరూ తగ్గించలేదు. భూమిలో మంచినీళ్ళు దిగిపోయేకొద్దీ సముద్రం ఉప్పు నీళ్ళు లోపలికి వచ్చాయి.

మన ఊళ్ళల్లో బోర్లు చూసిన వాళ్ళకు ఇది వేరే చెప్పక్కర్లేదు. ఒకరు మూడు వందల అడుగులు వేస్తే పక్క చేనాయన ఐదు వందలు వేస్తాడు. చివరికి ఇద్దరికీ దుమ్మే.

అక్కడ మాత్రం నీళ్ళు తోడేవాళ్ళంతా ఒక సంఘంగా చేరారు. మాట్లాడుకున్నారు, కోర్టుకు పోయారు, మళ్ళీ మాట్లాడుకున్నారు. ఎవరు ఎంత తోడాలో ఒప్పందం రాసుకున్నారు. లెక్క చూడటానికి ఒక మనిషిని పెట్టుకున్నారు. సముద్రం ఒడ్డు వెంబడి బావులు తవ్వి, వాటిలోకి మంచినీళ్ళు పంపి, ఉప్పు నీళ్ళు రాకుండా అడ్డుకట్ట వేశారు. ఆ మీటింగులకు పోయి, కూర్చొని, విని, రాసుకున్న అమ్మాయే ఎలినార్. 1965లో ఆమెకు పీహెచ్‌డీ వచ్చింది.

నీటి గురించి ఆమెకు పాఠం చెప్పిన విన్సెంట్ ఆస్ట్రమ్‌నే ఆమె 1963లో పెళ్ళి చేసుకుంది. 1965లో ఇద్దరూ ఇండియానా రాష్ట్రంలోని బ్లూమింగ్టన్ ఊరికి పోయారు. అక్కడి విశ్వవిద్యాలయంలో భర్తకు ప్రొఫెసర్ ఉద్యోగం. ఆమెకు మొదట దొరికింది మంగళ, గురు, శనివారాల్లో పొద్దున్నే ఏడున్నర క్లాసు. దాన్నే పట్టుకొని పైకి వచ్చింది. 1973లో ఇద్దరూ కలిసి అక్కడ ఒక పరిశోధనా కేంద్రం పెట్టారు. దానికి వర్క్‌షాప్ అని పేరు పెట్టారు. వడ్రంగి కొట్టంలో గురువూ శిష్యులూ ఒకే బల్ల దగ్గర పనిచేసినట్టు, చదువు కూడా కలిసి పనిచేస్తూ నేర్చుకోవాలని వాళ్ళ ఉద్దేశం.

అందరిదీ అంటే ఎవరిదీ కాదా?

1968లో గారెట్ హార్డిన్ అనే శాస్త్రవేత్త ఒక వ్యాసం రాశాడు. అది చాలా పేరు తెచ్చుకుంది. ఆయన చెప్పింది ఇది. ఒక పచ్చిక బయలు ఉంది, అందరిదీ. ప్రతివాడూ ఇంకో ఆవును తోలితే తనకు లాభం అనుకుంటాడు. అందరూ అట్లే తోలితే గడ్డి అయిపోతుంది, బయలు పాడైపోతుంది. కాబట్టి ఉమ్మడిగా ఉన్నదేదైనా చెడిపోవాల్సిందే. దాన్ని కాపాడాలంటే సర్కారు చేతిలో పెట్టాలి, లేకపోతే ముక్కలు చేసి సొంతదార్లకు ఇచ్చేయాలి.

చదువుకున్న వాళ్ళు చాలామంది ఇది నిజమే అనుకున్నారు. ఎలినార్ మాత్రం తన కళ్ళతో చూసింది వేరే ఉంది కదా అనుకుంది. ప్రపంచంలో జనం ఉమ్మడి సొత్తును ఎట్లా చూసుకుంటున్నారో ఊరు ఊరుకూ వెతికింది. ఇతరులు రాసిన వివరాలు పోగు చేసింది. అదంతా కలిపి 1990లో పెద్ద పుస్తకం రాసింది. అందులో ఉన్న కొన్ని ఊళ్ళ సంగతులు మాకు బాగా నచ్చాయి.

స్విట్జర్లాండ్‌లో టోర్బెల్ అని కొండ ఊరు. అక్కడ కొండమీది పచ్చిక అందరిదీ. 1517లోనే ఒక కట్టుబాటు రాసుకున్నారు. చలికాలంలో తన సొంత గడ్డితో ఎన్ని ఆవుల్ని సాకగలడో, ఎండాకాలం అన్ని ఆవుల్నే ఎవరైనా కొండకు తోలాలి. ఐదు వందల ఏళ్ళ కిందటి లెక్క. ఎంత తేలికగా ఉందో చూడండి. ఎవరి కొట్టంలో ఎన్ని ఆవులు ఉన్నాయో చలికాలంలో ఊరంతటికీ కనపడుతుంది, దాచడానికి వీల్లేదు.

స్పెయిన్‌లో వలెన్సియా నగరం. కాలువ నీళ్ళ తగాదాలు తీర్చడానికి రైతులు ఎన్నుకున్న పెద్దలు ప్రతి గురువారం మధ్యాహ్నం చర్చి గుమ్మం ముందు కూర్చుంటారు. వకీళ్ళు ఉండరు. నోటి మాటతోనే విచారణ, అప్పటికప్పుడే తీర్పు. వందల ఏళ్ళుగా ఇట్లే నడుస్తోంది.

టర్కీలో అలాన్యా అని సముద్రం ఒడ్డు ఊరు. అక్కడ చేపలు బాగా పడే చోటు కోసం కొట్టుకునేవాళ్ళు. తర్వాత వాళ్ళ సహకార సంఘం మంచి చోట్లన్నీ జాబితా రాసింది. ప్రతి సెప్టెంబరులో చీటీలు తీసేవాళ్ళు. ఎవరికి ఏ చోటు వస్తే అక్కడ మొదలు. ఆ తర్వాత రోజుకో చోటు తూర్పుకు జరిగేవాళ్ళు, జనవరి నుంచి పడమరకు జరిగేవాళ్ళు. మంచి చోటు అందరికీ వచ్చేది. తన వంతు రోజు ఇంకొకడు వచ్చి వల వేస్తే ఊరుకునేవాళ్ళు కాదు కాబట్టి, వేరే కాపలా కూడా అక్కర్లేకపోయింది. ఈ పద్ధతి కుదరడానికి వాళ్ళకు పదేళ్ళు పట్టింది. మనం చీటీలు తీసి ఎవరికి ముందు అప్పు ఇవ్వాలో చూసుకోవడం గుర్తొచ్చి మీటింగులో నవ్వుకున్నాం.

అన్నిచోట్లా ఇట్లా కుదిరిందని ఆమె చెప్పలేదు. అదే టర్కీలో బోద్రుమ్ అనే చోట కుదరక అందరూ నష్టపోయారని కూడా రాసింది. మనుషులు కలిస్తే చాలు అంతా మంచే జరుగుతుందని ఆమె ఎక్కడా అనలేదు. ఏం ఉంటే నిలుస్తుంది, ఏం లేకపోతే కూలుతుంది అని చూసింది.

మన కర్నూలు ఊళ్ళు కూడా

ఇది విని మాకు రోమాలు నిక్కబొడుచుకున్నాయి. రాబర్ట్ వేడ్ అనే పరిశోధకుడు మన కర్నూలు జిల్లాకు వచ్చి, కాలువ కింది ఊళ్ళు తిరిగి, 1988లో ఒక పుస్తకం రాశాడు. ఎలినార్ తన పుస్తకంలో ఆయన పనిని కూడా వాడుకుంది.

ఆయన చూసిన ఊళ్ళల్లో కొన్నిచోట్ల రైతులే కలిసి నీరు కట్టే మనుషుల్ని పెట్టుకున్నారు. పైరులో పశువులు పడకుండా కాపలావాళ్ళను పెట్టుకున్నారు. పంట కోసిన పొలాల్లో గొర్రెల మందలు మేపుకునే హక్కును అమ్మి, ఆ డబ్బు ఊరి ఉమ్మడి నిధికి వేసేవాళ్ళు. ఇవేవీ సర్కారు చెప్తే చేసినవి కావు. ఇంకో సంగతి. కాలువ మొదట్లో నీళ్ళు దండిగా ఉన్న ఊళ్ళకంటే, చివర్లో నీళ్ళకు కటకట ఉన్న ఊళ్ళే ఎక్కువగా ఇట్లా కట్టుగా ఉన్నాయట. కష్టం ఉన్నచోటే కూడిక అవసరం. మన పెద్దలు కూలి పనులకు పోతూ, కాలువ గట్ల మీద నడుస్తూ చూసిందే ఇదంతా. అది ప్రపంచం చదివే పుస్తకం దాకా పోయింది.

ఎనిమిది సూత్రాలు

చాలాకాలం నిలిచిన ఉమ్మడి ఏర్పాట్లన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఎనిమిది లక్షణాలు కనపడ్డాయని ఎలినార్ చెప్పింది. మనకు పంచసూత్రాలు ఎట్లాగో ఆమెవి ఎనిమిది. మన మాటల్లో ఇట్లా రాసుకున్నాం.

1. ఎవరు లోపల, ఎవరు బయట, ఉమ్మడి సొత్తు ఏది అన్నది స్పష్టంగా ఉండాలి.
2. కట్టుబాట్లు ఆ ఊరి పరిస్థితికి తగ్గట్టు ఉండాలి. పెట్టిన కష్టానికి తగ్గ ఫలం రావాలి.
3. కట్టుబాటు ఎవరికి వర్తిస్తుందో వాళ్ళే దాన్ని మార్చుకునే వీలుండాలి.
4. లెక్క చూసేవాళ్ళు సభ్యులకు జవాబు చెప్పాలి.
5. తప్పు చేస్తే శిక్ష చిన్నదిగా మొదలై, మళ్ళీ మళ్ళీ చేస్తేనే పెరగాలి.
6. తగాదా వస్తే దగ్గర్లోనే, తక్కువ ఖర్చుతో తీర్చుకునే చోటు ఉండాలి.
7. జనం తమకు తాము కూడి కట్టుబాటు చేసుకునే హక్కును సర్కారు కాదనకూడదు.
8. పెద్ద పని అయితే చిన్న సంఘాల మీద పెద్ద సంఘం, దాని మీద ఇంకోటి, అంచెలంచెలుగా ఉండాలి.

ఎనిమిదోది చదవగానే ఒక అక్క "ఇది మనదే గదమ్మా. సంఘం, గ్రామ సమాఖ్య, మండల సమాఖ్య, జిల్లా సమాఖ్య" అంది. నిజమే.

ఇంకో మాట కూడా మాట్లాడుకున్నాం. మన పొదుపు డబ్బు ఎవరి పేరున వాళ్ళకు ఉంటుంది, అది చెరువు నీళ్ళ వంటిది కాదు కదా అని ఒకరు అడిగారు. మరి మనకు ఉమ్మడి సొత్తు ఏది? బ్యాంకు దగ్గర సంఘానికి ఉన్న పరపతి. ఒకరు కంతు ఎగ్గొడితే మళ్ళీ లింకేజీ అప్పు అందరికీ ఆగుతుంది. అందరం కడితే అందరికీ పెరుగుతుంది. ఆ పరపతి మన అందరి చెరువు. దాని గట్టు ఒక్కరు తెంపినా అందరి నీళ్ళూ పోతాయి.

బహుమతి, చివరి రోజులు

ఎలినార్ నేపాల్‌లో సాగునీటి కాలువలు కూడా చూసింది. సర్కారు కట్టిన సిమెంటు కాలువల కంటే, రైతులే మట్టితో, రాళ్ళతో, కట్టెలతో కట్టుకొని చూసుకునే కాలువలు చివరి పొలం దాకా నీళ్ళు బాగా ఇస్తున్నాయని లెక్కలతో చూపించింది. సిమెంటు తప్పు కాదు. సిమెంటు వచ్చాక, కలిసి పూడిక తీసే పని, దానితో పాటు ఒకరినొకరు అడిగే హక్కు పోయాయి.

అట్లాగని సర్కారు అక్కర్లేదని కూడా ఆమె అనలేదు. అన్ని రోగాలకూ ఒకే మందు లేదనేది ఆమె మాట. ఎక్కడి సంగతి అక్కడ చూడాలి, అక్కడి వాళ్ళను అడగాలి.

2009 అక్టోబరులో ఆమెకు ఆర్థిక శాస్త్రంలో నోబెల్ బహుమతి ప్రకటించారు. ఆలివర్ విలియమ్సన్ అనే ఆయనతో కలిపి ఇచ్చారు. ఆ బహుమతి 1969 నుంచి ఇస్తున్నారు. నలభై ఏళ్ళలో ఒక్క ఆడమనిషికి కూడా రాలేదు. లెక్కలు రావని ఏ శాస్త్రంలో చేర్చుకోలేదో, ఆ శాస్త్రంలోనే ఆమెకు బహుమతి వచ్చింది. తన వాటా డబ్బు విశ్వవిద్యాలయానికి, తమ వర్క్‌షాప్ పనికే ఇచ్చేసింది. ఆమె తర్వాత 2019లో ఎస్తేర్ డఫ్లో, 2023లో క్లాడియా గోల్డిన్ అనే మహిళలకు ఆ బహుమతి వచ్చింది.

క్యాన్సర్ వచ్చి 2012 జూన్ 12న, 78 ఏళ్ళ వయసులో ఎలినార్ చనిపోయింది. విన్సెంట్ అదే నెల 29న పోయాడు. వాళ్ళకు పిల్లలు లేరు. ఆమె దగ్గర చదువుకున్న వాళ్ళు మాత్రం ఎన్నో దేశాల్లో ఉన్నారు.

మా సంఘంలో లేచిన చర్చ

మొదట్లో చెప్తామన్న సంగతి ఇది. ఐదో సూత్రం దగ్గర మేము ఆగిపోయాం. శిక్ష చిన్నదిగా మొదలవ్వాలి.

నాలుగేళ్ళ కిందట మా సంఘంలో పన్నెండు మంది ఉండేవాళ్ళం. ఒకామె వరుసగా మూడు మీటింగులకు రాలేదు, కంతు కట్టలేదు. మూడు మీటింగులు రాకపోతే తీసెయ్యాలని మా పుస్తకంలో ఉంది. అది మేము కూర్చొని రాసుకున్నది కాదు. ఇంకో సంఘం పుస్తకం చూసి ఎక్కించుకున్నది. ఆ రోజు మినిట్స్ పుస్తకంలో తీర్మానం రాసి, సంతకాలు పెట్టి, ఆమె పేరు కొట్టేశాం. పది నిమిషాల పని. ఇంటికి పోయి ఎందుకు రాలేదని అడిగిన వాళ్ళం ఒక్కరం లేము. ఆమె భర్త బండి మీంచి పడి నడుము విరిగి మంచంలో ఉన్నాడని తర్వాత తెలిసింది. ఆమె సంఘం అప్పు తీర్చడానికి బయట నూటికి ఐదు రూపాయల వడ్డీకి తెచ్చి మాకు కట్టింది. మా వసూలు ఆ నెల నూటికి నూరు అని రాసుకున్నాం. మెచ్చుకున్నారు కూడా.

ఇప్పుడు ఆ పేజీ తీసి చూస్తే సిగ్గనిపించింది. కట్టుబాటు ఉండటం తప్పు కాదు. ఎలినార్ చూసిన ఊళ్ళన్నిటా కట్టుబాటు ఉంది, జరిమానా ఉంది. కాకపోతే మొదటి తప్పుకు చాలాచోట్ల చిన్న జరిమానాతోనే సరిపెట్టేవాళ్ళు. మంచివాళ్ళకు కూడా కష్టకాలం వస్తుందని వాళ్ళకు తెలుసు. మేము చివరి శిక్షతో మొదలుపెట్టాం.

మాలో అందరూ ఒప్పుకోలేదు. "మెత్తగా ఉంటే రేపు అందరూ ఎగ్గొడతారు, లీడర్లే బ్యాంకు ముందు నిలబడాలి" అని ఇద్దరు గట్టిగా అన్నారు. వాళ్ళ మాటలోనూ న్యాయం ఉంది. రెండు మీటింగులు వాదించుకున్నాం. చివరికి ఇట్లా తీర్మానం చేసుకున్నాం. ఒక మీటింగు రాకపోతే ఇద్దరు సభ్యులు ఇంటికి పోయి అడగాలి. రెండోసారి పది రూపాయల జరిమానా. మూడోసారి ఆమెను కూర్చోబెట్టుకొని వాయిదా మార్చాలా అని మాట్లాడాలి. అప్పటికీ కుదరకపోతే గ్రామ సమాఖ్యకు చెప్పాలి. తీసెయ్యడం అన్నిటికంటే చివర. ఇది లీడర్లమైన మాకు కూడా వర్తిస్తుంది. పది మంది సంతకం చేశారు. ఒకరు "ఏడాది చూసి చేస్తా" అన్నారు. అదీ రాసుకున్నాం.

తర్వాత ఆ పన్నెండో ఆమె ఇంటికి పోయినాం. తప్పు మాదని చెప్పినాం. మంచినీళ్ళిచ్చింది, కూర్చోమంది. మళ్ళీ సంఘంలోకి రమ్మంటే "చూద్దాంలే అక్కా" అంది. ఈ నివేదిక రాసేనాటికి ఇంకా రాలేదు. రాకపోయినా ఆమెను అనడానికి మాకు నోరు లేదు.

అక్కచెల్లెళ్ళారా, ఒక్కటే మనవి. వచ్చే మీటింగులో మీ సంఘం కట్టుబాట్లు ఒకసారి గట్టిగా చదివించుకోండి. అవి మీరు రాసుకున్నవేనా, ఎక్కడి నుంచో ఎక్కించుకున్నవా చూడండి. మీకు తగనిది ఉంటే మార్చుకోండి. ఆ హక్కు మనదే. ఎలినార్ ఆస్ట్రమ్ అనే ఆమె ప్రపంచమంతా వెతికి చెప్పింది కూడా అదే.

ఇట్లు,
మా సంఘ సభ్యులందరి తరపున,
సంఘం లీడరు